యాల్టాలో లేని క్రిమియా

యాల్టా అనగానే చాలామందికి ఒక ఫొటో గుర్తొస్తుంది. లివాడియా రాజప్రాసాదం లోపలి పెరట్లో మూడు కుర్చీలు. ఒక చివర చర్చిల్, నడుమ రూజ్వెల్ట్, ఇంకో చివర స్టాలిన్. వెనక నిలబడ్డ సైనికాధికారులు, దౌత్యవేత్తలు. కాళ్ల కింద తివాచీలు. 1945 ఫిబ్రవరిలో తీసిన ఈ ఫొటో చరిత్ర పుస్తకాల్లో, పత్రికల్లో ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. ఆ పెరట్లో కుర్చీ దొరకనివాళ్ల గురించి కూడా చాలామంది రాశారు. పోలండ్ సరిహద్దులు నిర్ణయించారు, పోలండ్‌ను పిలవలేదు. చైనా ఓడరేవుల గురించి ఒప్పందం రాసుకున్నారు, చైనాకు చెప్పలేదు. ఫ్రాన్స్‌కు జర్మనీలో భాగం ఇచ్చారు, ఫ్రాన్స్‌ను రమ్మనలేదు. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. మేము అడగదలచింది వేరు. ఆ రాజప్రాసాదం ఎవరి నేల మీద ఉంది? ఆ నేల మనుషులు ఆ రోజు ఎక్కడున్నారు?

అందరూ యాల్టా అంటున్నారు గానీ ఆ సమావేశానికి అధికారికంగా ఉన్న పేరు క్రిమియా సమావేశం. ఫిబ్రవరి 4 నుంచి 11 దాకా జరిగింది. చివర్లో మూడు ప్రభుత్వాలూ కలిసి చేసిన ప్రకటన నెత్తిన ఆ పేరే ఉంది. క్రిమియా తాతార్ల పేరు మాత్రం ఆ ప్రకటనలో లేదు. ఆ ప్రకటన గురించి తర్వాత వచ్చిన పుస్తకాల్లో చాలావాటిలోనూ లేదు. సమావేశానికి తొమ్మిది నెలలు కూడా నిండకముందే ఆ ఖౌమ్ మొత్తాన్ని గూడ్సు బండ్లకెక్కించి మధ్య ఆసియాకు తోలేశారు. అతిథులు వచ్చేనాటికి ఇంటివాళ్లు లేరు.

ఈ వ్యాసం యాల్టా నిర్ణయాల మీద తీర్పు కాదు. యాల్టాను మనకు చెప్పిన రాతల మీద విమర్శ. యుద్ధకాలపు శిఖరాగ్ర సమావేశాల గురించి ఒక పెద్ద సాహిత్యం పుట్టింది. నాయకుల స్మృతులు, దుబాసీల జ్ఞాపకాలు, రాయబారుల డైరీలు, ప్రొఫెసర్ల గ్రంథాలు. ఈ సాహిత్యానికంతటికీ ఒక అలవాటుంది. అందులో దేశాలుంటాయి, గీతలుంటాయి, నదులుంటాయి, ఓడరేవులుంటాయి. మనుషులు మాత్రం గీత ఎటు జరిగితే అటు జరిగే సామానులాగా ఉంటారు. ఈ అలవాటును గుర్తు పట్టాలంటే క్రిమియా కంటే మంచి చోటు లేదు. ఎందుకంటే అక్కడ గీత జరగలేదు. మనుషుల్నే జరిపేశారు.

ముందు ఈ సాహిత్యంలో అన్నిటికంటే ఎక్కువ మంది చదివిన పుస్తకాన్ని తీసుకుందాం. రెండో ప్రపంచయుద్ధం మీద చర్చిల్ ఆరు సంపుటాలు రాశాడు. మొదటిది 1948లో వచ్చింది. యాల్టా ఉన్న ఆరో సంపుటం ట్రయంఫ్ అండ్ ట్రాజెడీ 1953లో వచ్చింది. అదే ఏడాది ఆయనకు సాహిత్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చారిత్రక, జీవితచరిత్ర రచనలో ఆయన నేర్పునూ, ఉపన్యాస కళనూ మెచ్చి ఇచ్చిన బహుమతి అది. కాబట్టి సాహిత్య విమర్శకులు ఈ పుస్తకాన్ని చరిత్రకారులకు వదిలేసి పక్కకు తప్పుకోవడం కుదరదు. సాహిత్యమని బహుమతి ఇచ్చినప్పుడు సాహిత్యంగానే చదవాలి.

చదివితే మొదట కనబడేది ఆ వచనం ఆకర్షణ. చర్చిల్ వస్తువుల్ని బాగా చూస్తాడు. 1943 నవంబర్ చివర్లో టెహరాన్‌లో పోలండ్‌ను పడమటికి జరపడమెలాగో మూడు అగ్గిపుల్లలతో స్టాలిన్‌కు చూపించిన సంగతి అయిదో సంపుటంలో ఆయనే చెప్పాడు. 1944 అక్టోబర్ 9 రాత్రి మాస్కోలో ఒక అరకాగితం మీద శాతాలు వేసి స్టాలిన్ ముందుకు తోసిన సంగతి ఆరో సంపుటంలో చెప్పాడు. రుమేనియాలో రష్యాకు 90 శాతం, గ్రీస్‌లో బ్రిటన్‌కు 90 శాతం, యుగోస్లావియా, హంగరీ చెరిసగం, బల్గేరియాలో రష్యాకు 75 శాతం. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టి కాగితం వెనక్కి ఇచ్చాడు. లక్షల మంది బతుకుల్ని ఇంత తేలిగ్గా తేల్చేశామని జనం అనుకుంటారేమో, ఈ కాగితం కాల్చేద్దామా అని చర్చిల్ అడిగాడు. వద్దు, నీ దగ్గరే ఉంచుకోమని స్టాలిన్ అన్నాడు.

ఈ ఘట్టం ఎవరు చదివినా మరిచిపోరు. మరిచిపోకుండా చెప్పడంలోనే కిటుకుంది. అగ్గిపుల్ల, పెన్సిల్, అరకాగితం అనే చిన్న వస్తువులు మన కళ్ల ముందుకు ఎంత దగ్గరగా వస్తే, వాటి కింద ఉన్న దేశాలు అంత దూరం పోతాయి. కాగితం కాల్చేద్దామా అన్న మాట పశ్చాత్తాపంలా వినబడుతుంది. కానీ కథంతా ఇద్దరు పెద్దమనుషుల చమత్కారంగానే ముగుస్తుంది. రుమేనియావాడు గానీ గ్రీసువాడు గానీ ఆ పుటలోకి అడుగు పెట్టడు.

యాల్టా అధ్యాయాల్లోనూ ఇదే పద్ధతి. బ్రిటిష్ బృందానికి అలూప్కాలోని వొరొన్‌త్సోవ్ రాజప్రాసాదం విడిదిగా ఇచ్చారు. సోవియట్ ఆతిథ్యం ఎంత గొప్పదో చెప్పడానికి చర్చిల్ ఒక ముచ్చట రాశాడు. తాము తాగే వాటిలోకి నిమ్మతొక్క లేదని ఎవరో యథాలాపంగా అన్నారట. మర్నాటికల్లా హాల్లో కాయలతో నిండిన నిమ్మచెట్టు ప్రత్యక్షమైందట. గాజుతొట్టి ఉంది గానీ చేపల్లేవే అంటే చేపలొచ్చాయట. సమావేశం అయ్యాక ఆయన బాలక్లావా మైదానం చూడ్డానికి పోయాడు. 1854 నాటి యుద్ధంలో ఇంగ్లీషు గుర్రపుదళం దాడి చేసిన చోటు అది. తొంభై ఏళ్ల కిందట చచ్చిన తమవాళ్లు ఆయనకు గుర్తున్నారు. రాత్రికి రాత్రి వచ్చిన నిమ్మచెట్టు గుర్తుంది. కిందటి మే నెలలో రాత్రికి రాత్రి పోయిన ఊళ్లు మాత్రం ఆ అధ్యాయాల్లో లేవు.

ఆ మే నెలలో జరిగింది ఏమిటో చెప్పుకోవాలి. 1944 మే 11న సోవియట్ రాజ్య రక్షణ సంఘం తరఫున స్టాలిన్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. క్రిమియా తాతార్లు జర్మన్లతో కుమ్మక్కయ్యారు గనుక అందర్నీ క్రిమియా నుంచి శాశ్వతంగా వెళ్లగొట్టి ఉజ్బెకిస్తాన్‌లో పెట్టాలన్నది దాని సారాంశం. మే 18 తెల్లవారుజామున మొదలుపెట్టి మూడు రోజుల్లో పని ముగించారు. ముప్పై వేలకు పైగా సాయుధ బలగాన్ని దించారు. ఇంటికి అయిదు క్వింటాళ్ల సామాను తీసుకుపోవచ్చని కాగితం మీద ఉంది. తలుపులు బాదిన సైనికులు ఇచ్చిన గడువు పావుగంట, మహా అయితే అరగంట. 1,80,000 మందికి పైగా మనుషుల్ని పశువుల్ని తోలే పెట్టెల్లో కుక్కారు. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. మగవాళ్లు చాలామంది ఎర్రసైన్యంలో ఉన్నారు. వాళ్లనూ తర్వాత సైన్యం నుంచి తీసేసి అదే ప్రవాసానికి పంపారు.

ఎంతమంది చచ్చిపోయారన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. తాతార్ల ఉద్యమం తనంత తానుగా చేసుకున్న లెక్క ప్రకారం మొదటి ఏళ్లలోనే 46 శాతం దాకా పోయారు. సోవియట్ పోలీసు కాగితాల లెక్క అంతకంటే చాలా తక్కువ. తక్కువ లెక్కనే తీసుకున్నా చచ్చినవాళ్లు పదుల వేలల్లో ఉన్నారు. ఆకలి, మలేరియా, టైఫస్, ఎండ. 1948 నవంబర్‌లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఈ ప్రవాసం శాశ్వతం, చెప్పిన చోటు వదిలి పారిపోతే 20 ఏళ్ల కఠినశిక్ష. ఉర్దూలో దీన్ని జలావతనీ అంటాం. తాతార్లు సుర్గున్ అంటారు.

తాతార్లలో జర్మన్ల పక్షాన తుపాకీ పట్టినవాళ్లు లేరా? ఉన్నారు. వేలల్లోనే ఉన్నారు. దాచాల్సిన పనిలేదు. ఎర్రసైన్యంలో పోరాడినవాళ్లూ వేలల్లోనే ఉన్నారు. జనరల్ వ్లాసోవ్ రష్యన్. జర్మన్లకు పట్టుబడి, వాళ్లతో చేరి, రష్యన్ యుద్ధఖైదీలతో ఒక సైన్యమే కట్టాడు. అతన్ని ఉరి తీశారు. అంతేగాని రష్యన్ ఖౌమ్ మొత్తాన్ని ఎవరూ రైలెక్కించలేదు. తప్పు చేసిన మనిషికి శిక్ష వేయడానికీ, ఆ మనిషి పుట్టిన ఖౌమ్‌కు శిక్ష వేయడానికీ తేడా ఎంతో మాలాంటివాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. సంఖ్యలో పెద్దవాళ్లలో ద్రోహి వ్యక్తిగా మిగిలిపోతాడు. చిన్నవాళ్లలో ద్రోహి తన జాతికంతటికీ ప్రతినిధి అయిపోతాడు.

తెలియక రాయలేదేమో అన్న సందేహం వస్తుంది. న్యాయంగా ఆలోచిద్దాం. 1945 ఫిబ్రవరిలో చర్చిల్‌కు, రూజ్వెల్ట్‌కు ఎంత తెలుసో చెప్పడం కష్టం. తరలింపు రహస్యంగా జరిగింది. సాకీ విమానాశ్రయం నుంచి యాల్టా దాకా దారి పొడుగునా కాపలా ఉంది. ఆ కాపలా బాధ్యత బెరియా శాఖది. మే నెలలో తాతార్లను తరలించిందీ ఆ శాఖే. దారిలో కూలిన ఇళ్లు చూసి జర్మన్ల మీద తన కసి ఇంకా పెరిగిందని రూజ్వెల్ట్ స్టాలిన్‌తో అన్నాడు. కూలిన ఇల్లు కారులోంచి కనబడుతుంది. ఖాళీ చేయించిన ఇల్లు కనబడదు. అప్పటికే కొన్ని ఇళ్లలో రష్యా, ఉక్రెయిన్ల నుంచి తెచ్చిన రైతుల్ని దించారు కూడా. దారిన పోయే అతిథికి పొయ్యిలో పొగ వస్తున్న ఇల్లు మామూలు ఇల్లే.

కానీ పుస్తకం అచ్చయింది 1945లో కాదు, 1953లో. 1945 జూన్ 30న క్రిమియా స్వయంపాలిత రిపబ్లిక్‌ను రద్దు చేసి మామూలు జిల్లా లాంటి ఒబ్లాస్త్‌గా మార్చారు. 1946 జూన్‌లో దానికి చట్టం చేసి, కారణంతో సహా ఇజ్వెస్తియా పత్రికలో బాహాటంగా అచ్చు వేశారు. లోకమంతా చదివింది. సోవియట్ ఇనుపతెర గురించి గొంతు చించుకుని ప్రసంగాలు చేసిన మనిషి, తాను ఎనిమిది రోజులు ఆతిథ్యం పొందిన గడ్డ మీద ఏం జరిగిందో ఏడేళ్ల తర్వాత ఒక్క అధోజ్ఞాపికలోనైనా రాయొచ్చు. రాయలేదు. పోలండ్ గురించి పుటలకు పుటలు బాధపడ్డాడు. ఆ బాధ అబద్ధమని మేము అనం. పోలండ్ ఒక రాజ్యం. దానికి లండన్‌లో ప్రవాస ప్రభుత్వం ఉంది, సైన్యం ఉంది. తాతార్లకు ఏమీ లేదు. శిఖరాగ్ర సమావేశాల సాహిత్యంలో దుఃఖానికి కూడా రాజ్యం ఉండాలి.

ఇంకో సంగతి. బ్రిటిష్ బృందం దిగిన అలూప్కా రాజప్రాసాదానికి నమూనా గీసింది ఎడ్వర్డ్ బ్లోర్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి. సముద్రం వైపు ముఖద్వారాన్ని అల్‌హంబ్రా పద్ధతిలో కట్టారు. దాని మీద అరబ్బీలో ఒకే వాక్యం పదే పదే చెక్కి ఉంటుంది. అల్లాహ్ తప్ప విజేత లేడు అని దాని అర్థం. యుద్ధ విజేతలు ఆ గోడ కింద నుంచి రోజూ రాకపోకలు సాగించారు. రష్యన్ ప్రభువుకు ఆ రాత ఒక అలంకారం. ఇంగ్లీషు అతిథికి తూర్పుదేశపు సొగసు. ఆ అక్షరాల్ని అక్షరాలుగా చదవగల అలూప్కా ముసలివాళ్లు ఉజ్బెకిస్తాన్‌లో పత్తి చేలల్లో ఉన్నారు. సంస్కృతి గోడ మీద ఉంటే ముద్దు, గోడ పక్కన మనిషిగా ఉంటే ముప్పు. ఇది క్రిమియాలో మాత్రమే జరిగే సంగతి కాదని మా పాఠకులకు తెలుసు.

ఆ అలూప్కా ఊళ్లోనే పుట్టినవాడు అమెత్‌ఖాన్ సుల్తాన్. తల్లి క్రిమియా తాతారు, తండ్రి దాగెస్తాన్‌కు చెందిన లక్ జాతివాడు. యుద్ధ విమానం నడిపి సోవియట్ యూనియన్ వీరుడు అనే అత్యున్నత బిరుదును రెండుసార్లు పొందాడు. ఒకటి 1943లో, ఒకటి 1945లో. అంటే మొదటి పతకానికీ రెండో పతకానికీ నడుమ అతని తల్లి జాతి ద్రోహుల జాతి అయిపోయింది. అఖ్తెమ్ సెయితాబ్లాయెవ్ 2013లో తీసిన హైతర్మా సినిమా ఈ వైరుధ్యం చుట్టూనే తిరుగుతుంది. యాల్టా మీద వచ్చిన ఎన్నో గ్రంథాలకంటే ఆ ఒక్క సినిమా మాకు ఎక్కువ ఉపయోగపడింది. అది అలూప్కాను విడిదిగా చూపదు, ఊరుగా చూపుతుంది.

మనుషుల్ని పంపేశాక పేర్ల పని పట్టారు. 1944 డిసెంబర్ 14న, అంటే అతిథులు రావడానికి ఏడు వారాల ముందు, క్రిమియా జిల్లాల పేర్లు మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇస్లాం తెరెక్ కిరోవ్‌స్కోయె అయింది. కరాసుబజార్ బెలొగోర్‌స్క్ అయింది. కరాసుబజార్ అంటే నల్లనీళ్ల బజారు. బెలొగోర్‌స్క్ అంటే తెల్లకొండ పట్నం. 1945లో, 1948లో ఊళ్ల వంతు వచ్చింది. వెయ్యికి పైగా పేర్లు పోయాయి. బఖ్చిసరాయ్ మాత్రం మిగిలింది. పుష్కిన్ ఆ పేరు మీద కావ్యం రాశాడు గనుక మిగిలిందంటారు. తాతార్లు వందల ఏళ్లుగా పిలుచుకున్న పేరుకు వాళ్ల వాడుక చాలలేదు, రష్యన్ మహాకవి సాక్ష్యం కావాల్సి వచ్చింది.

ఆ బఖ్చిసరాయ్ నుంచే 1883లో ఇస్మాయిల్ గాస్ప్రిన్‌స్కీ ఒక పత్రిక మొదలుపెట్టాడు. దాని పేరు తెర్జుమాన్. ఉర్దూ తెలిసినవాళ్లకు అర్థం చెప్పక్కర్లేదు. ఒక వైపు రష్యన్, ఒక వైపు తుర్కీ. రెండు భాషల పత్రిక. 1783లో రష్యా క్రిమియాను కలుపుకుని సరిగ్గా వందేళ్లయిన సంవత్సరం అది. ఆ మనిషి కొత్త పద్ధతి మదర్సాల కోసం తిరుగుతూ 1912లో బొంబాయి దాకా వచ్చాడు. ఏలే వాళ్ల భాషకూ ఇంటి భాషకూ నడుమ తర్జుమా చేసుకుంటూ బతకడం ఏమిటో ఆయనకు తెలుసు. ఉర్దూలో ఆలోచించి తెలుగులో రాసే మాకూ కొంత తెలుసు. అందుకే మేము తాతార్లను దూరపు బాధితులుగా చూడలేకపోతున్నాం. వాళ్లు మాలాగే పత్రికలు నడిపారు. పాఠ్యక్రమాల మీద కొట్లాడుకున్నారు. లిపి ఏది ఉండాలో వాదించుకున్నారు. ఆ లిపిని కూడా వాళ్ల చేతుల్లో ఉంచలేదు. అరబ్బీ లిపి పోయి 1920ల చివర్లో లాటిన్ వచ్చింది. 1938లో లాటిన్ పోయి రష్యన్ లిపి వచ్చింది. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు.

1967 సెప్టెంబర్‌లో సోవియట్ ప్రభుత్వం వాళ్ల మీద మోపిన సామూహిక ద్రోహ నేరాన్ని ఎత్తేసింది. ఎత్తేసిన ఉత్తర్వులో వాళ్లను ఏమని పిలిచిందో చూడండి. ఒకప్పుడు క్రిమియాలో నివసించిన తాతార్ జాతీయత గల పౌరులు అని. క్రిమియా తాతార్లు అనలేదు. నేరం మోపేటప్పుడు వాళ్లు ఒక ఖౌమ్. నిర్దోషులన్నప్పుడు వాళ్లు ఒకప్పుడు ఒక చోట కాపురమున్న మనుషులు. తిరిగిపోయే హక్కు అందులో లేదు. అస్తిత్వం అనేది మైనారిటీలు ఊరికే పట్టుకు వేలాడే మాట అని మా సెక్యులర్ మిత్రులు కొందరు విసుక్కుంటుంటారు. ఈ ఒక్క ఉత్తర్వు చదివితే ఆ మాట విలువెంతో తెలుస్తుంది. పేరు లేనివాడికి ఊరు అడిగే హక్కు కూడా ఉండదు.

ఇదంతా స్టాలిన్ దుర్మార్గం అని తేల్చేస్తే పని సులువవుతుంది. కానీ బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ల ఆలోచన కూడా చూడాలి. 1941 ఆగస్టులో అట్లాంటిక్ ఒడంబడిక రాసుకున్నప్పుడు ప్రజల ఇష్టానికి వ్యతిరేకంగా సరిహద్దులు మార్చబోమన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, ఆ మాట ముఖ్యంగా నాజీల కింద ఉన్న యూరప్ దేశాలకేనని చర్చిల్ పార్లమెంటులో చెప్పాడు. ఇండియా దాని లెక్కలోకి రాలేదు. యాల్టాకు ఏడు వారాల ముందు, 1944 డిసెంబర్ 15న అదే పార్లమెంటులో పోలండ్ గురించి మాట్లాడుతూ జర్మన్లను అక్కడి నుంచి వెళ్లగొట్టడమే మేలైన పరిష్కారమన్నాడు. జనం కలగలిసి ఉంటే ఎప్పటికీ తంటాలేనని, ఊడ్చినట్టు శుభ్రం చేయాలని ఆయన భావం. గ్రీసు, తుర్కీ దేశాల నడుమ జరిగిన జనమార్పిడిని మంచి ఉదాహరణగా చూపాడు.

ఆ ఉదాహరణ ఏమిటో తెలుసుకోవాలి. 1923లో లొజాన్‌లో కుదిరిన ఒప్పందం అది. మతమే కొలమానం. తుర్కీలోని గ్రీకు ఆర్థొడాక్స్ క్రైస్తవులు పది లక్షలకు పైగా గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు మూడున్నర, నాలుగు లక్షల మంది తుర్కీకి. గ్రీకు మాట్లాడే ముస్లిం, తుర్కీ మాట్లాడే క్రైస్తవుడు ఎవరికీ చెందకుండా పోయారు. 1945 ఆగస్టులో పొట్స్‌డామ్‌లో జర్మన్ల తరలింపును క్రమపద్ధతిలో, మానవీయంగా చేయాలని రాసుకున్నారు. మానవీయంగా చేసిన ఆ పనిలో కోటికి పైగా జర్మన్లు ఇళ్లు వదిలారు. పోలండ్ తూర్పు భాగం సోవియట్ యూనియన్‌కు పోయాక పది లక్షలకు పైగా పోలిష్ జనం పడమటికి కదిలారు. స్టాలిన్, చర్చిల్ ఎన్నో విషయాల్లో శత్రువులు. ఈ ఒక్క విషయంలో ఒకే బడిలో చదువుకున్నారు. పటం మీద రంగు చెదరకూడదు. ఒక గీత లోపల ఒకే రకం జనం ఉండాలి. కలగలుపు అంటే జబ్బు.

ఈ ఆలోచన మా గడప దాకా వచ్చింది. 1947లో రాడ్‌క్లిఫ్ అయిదు వారాల్లో గీసిన గీతకు రెండు వైపులా జరిగింది మేము మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆ గీత గీయడం వేరు సంగతి, దాని కథ వేరు. కానీ కలగలుపును జబ్బుగా చూసే చూపు మాత్రం అదే. మేము కలగలుపులోంచి పుట్టినవాళ్లం. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు. మా పేరుకూ మా మాటకూ పొందిక కుదరడం లేదని అటువాళ్లూ ఇటువాళ్లూ అంటుంటారు. అలాంటి మేము ఈ శిఖరాగ్ర సాహిత్యం చదివేటప్పుడు అగ్గిపుల్ల పక్షాన నిలబడి చదవలేం.

యాల్టా మీద మన దగ్గర మూడు రకాల చదువులున్నాయి. మొదటిది వామపక్ష మిత్రులది. ఫాసిజాన్ని ఓడించిన ఐక్యతకు యాల్టా గుర్తు అంటారు. నిజమే. సోవియట్ జనం రెండు కోట్లకు పైగా ప్రాణాలిచ్చారు, ఆ రుణం పెద్దది. ఆ రెండు కోట్లలో తాతార్ సైనికులూ ఉన్నారన్నది దాంతోపాటు చెప్పాలి. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికి మన రెండు మూడు తరాలకు చదువు చెప్పాయి. తాష్కెంట్‌లో అచ్చయిన ఉర్దూ పుస్తకాలు మా ఇళ్లకూ వచ్చాయి. 1966 జనవరిలో శాస్త్రి, అయూబ్‌ఖాన్ సంధి చేసుకున్న ఊరుగా తాష్కెంట్ పేరు ఊరూరా తెలుసు. అదే తాష్కెంట్‌లో 1969 వేసవిలో, ఇంటికి పోనివ్వమని అర్జీలు పెట్టిన నేరానికి పదిమంది తాతార్లను బోనులో నిలబెట్టి విచారించారు. ఈ రెండో తాష్కెంట్ గురించి మన అభ్యుదయ సాహిత్యం మాట్లాడింది బహు తక్కువ.

రెండో చదువు పడమటిది. యాల్టా ఒక నమ్మకద్రోహం, తూర్పు యూరప్‌ను స్టాలిన్‌కు అమ్మేశారు అంటుంది. 2005 మేలో జార్జి బుష్ రీగాలో మాట్లాడుతూ యాల్టాను మ్యూనిక్ ఒప్పందంతో ఒకే వరసలో పెట్టాడు. ఈ వాదంలో పోలండ్ ఉంటుంది, బాల్టిక్ దేశాలుంటాయి. యాల్టా ఊరున్న నేల మాత్రం మామూలుగా ఉండదు. అమ్మేసిన వస్తువుల జాబితాలో అది లేదు గనుక. అది అప్పటికే అమ్మినవాడి సొంతం.

మూడో చదువు మాలోనే కొందరిది. తాతార్లు ముస్లింలు గనుక జరిగింది ఇస్లాం మీద దాడి, అంతే అంటుంది. ఈ చదువుతోనూ మాకు పేచీ ఉంది. 1937లో కొరియన్లను, 1941లో వోల్గా జర్మన్లను, 1943 డిసెంబర్‌లో బౌద్ధులైన కల్మీకులను ఇలాగే తరలించారు. 1944 జూన్‌లో క్రిమియా నుంచే గ్రీకులను, బల్గేరియన్లను, ఆర్మేనియన్లను పంపేశారు. వాళ్లు క్రైస్తవులు. చెచెన్లు, ఇంగుష్‌లు, బల్కార్లు, కరచాయ్‌లు ముస్లింలే, నిజం. సరిహద్దున ఉండి, అవతలి దేశంతో ఏదో చుట్టరికం ఉందని అనుమానం వచ్చిన ప్రతి చిన్న జాతీ ఆ రైలెక్కింది. నల్లసముద్రపు అవతల తుర్కీ ఉంది. జలసంధుల మీద తుర్కీకి హక్కులిచ్చిన మాంత్రో ఒప్పందాన్ని మార్చాలని యాల్టాలోనే స్టాలిన్ అడిగాడు. తాతార్ల మతం ఆ అనుమానానికి బలం ఇచ్చింది. కానీ మతం ఒక్కటే కారణమంటే మన పక్కన అదే పెట్టెలో కూర్చున్న కల్మీకును, గ్రీకును మనమే కిందికి తోసేసినట్టు.

యాల్టా గురించిన పుస్తకాలు ఒక అరలో, తరలింపుల గురించిన పుస్తకాలు ఇంకో అరలో ఉండడమే అసలు సమస్య. రాబర్ట్ కాంక్వెస్ట్ 1960లోనే సోవియట్ తరలింపుల మీద పుస్తకం రాశాడు. అలెగ్జాండర్ నెక్రిచ్ ది పనిష్డ్ పీపుల్స్ 1978లో ఇంగ్లీషులో వచ్చింది. మంచి పుస్తకాలు. కానీ ఒక అరను దౌత్యచరిత్ర అన్నారు, ఇంకోదాన్ని జాతుల సమస్య అన్నారు. ఒకటి పెద్దవాళ్ల చరిత్ర, రెండోది చిన్నవాళ్ల ఫిర్యాదు. రెండూ ఒకే నేల మీద, ఏడాది తిరక్కుండా, ఒకే మనిషి సంతకంతో జరిగినవే. రెండు అరల్నీ కలిపి చదివితే యాల్టా ప్రకటనలోని విముక్త యూరప్ అన్న మాటే వేరుగా వినబడుతుంది. విముక్తి అయిన ప్రతి చోటా జనం తమ ప్రభుత్వాన్ని తామే ఎన్నుకుంటారని రాసుకున్నారు. ఎర్రసైన్యం 1944 మే నెలలో విముక్తి చేసిన క్రిమియాలో ఆ నెలలోనే ఒక జనం లేకుండా పోయారు.

వాళ్లు ఊరుకోలేదు. ఆరునెలల పసివాడిగా రైలెక్కిన ముస్తఫా జెమిలేవ్ పెద్దవాడై ఏళ్లకేళ్లు జైళ్లలో ఉన్నాడు. 1975, 76లో 303 రోజులు అన్నం ముట్టలేదు. బలవంతంగా గొట్టాలతో ఆహారం పోసి బతికించారు. 1978లో ముసా మముత్ తన సొంత గడ్డ మీద ఉండనివ్వలేదని ఒంటికి నిప్పంటించుకుని చచ్చిపోయాడు. 1989 నవంబర్‌లో సోవియట్ పార్లమెంటు ఆ తరలింపులు అక్రమమని ఒప్పుకుంది. 1990ల మధ్యకల్లా రెండున్నర లక్షల మంది దాకా తిరిగొచ్చారు. ఇళ్లు లేవు, పొలాలు లేవు. ఖాళీ నేలల్లో గుడిసెలు వేసుకుని మళ్లీ మొదలుపెట్టారు. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించింది. జెమిలేవ్‌ను లోపలికి రానివ్వలేదు. తాతార్ల ప్రాతినిధ్య సభ మెజ్లిస్‌ను 2016లో నిషేధించారు. ఉక్రెయిన్ పార్లమెంటు 1944 తరలింపును జాతి హననంగా గుర్తించింది. అది 2015 నవంబర్‌లో, క్రిమియా తన చేయి జారాక.

2005లో యాల్టాకు అరవై ఏళ్లు నిండాయని జురాబ్ త్సెరెతెలీ అనే శిల్పి ఆ ముగ్గురి కంచు విగ్రహాన్ని పోశాడు. అప్పుడు క్రిమియా ఉక్రెయిన్‌లో ఉంది. స్టాలిన్ విగ్రహం పెట్టనివ్వమని తాతార్లు గట్టిగా అడ్డుపడ్డారు. పెట్టలేదు. 2015 ఫిబ్రవరిలో, రష్యా వచ్చిన మరుసటి ఏడాదే, పది టన్నుల ఆ కంచును లివాడియా దగ్గర నిలబెట్టారు. తాతార్లు అడిగి సాధించుకున్న ఒక చిన్న ఖాళీస్థలం అలా నిండిపోయింది. 2025 ఆగస్టు 15న అమెరికా, రష్యా అధ్యక్షులు అలాస్కాలో కూర్చుని ఉక్రెయిన్ యుద్ధం గురించి మాట్లాడుకున్నారు. ఉక్రెయిన్‌కే ఆ బల్ల దగ్గర చోటు లేదు. ఇక తాతార్ల సంగతి ఎవరడుగుతారు?

శిఖరాగ్ర సమావేశాలు మళ్లీ జరుగుతాయి. ఫొటోలు వస్తాయి, స్మృతులు అచ్చవుతాయి, వాటిలో నిమ్మచెట్లూ ఉంటాయి. మా పాఠకులు వాటిని చదవాలి, మానేయకూడదు. అయితే ఎవరు ఏం గెలిచారన్న లెక్క దగ్గరే ఆగిపోకుండా, ఆ ఇల్లు ఎవరిదో, ఆ ఊరికి అంతకు ముందు ఏ పేరుండేదో, తలుపు తట్టినప్పుడు లోపల ఎవరున్నారో అడగాలి. ఆ పుస్తకంలో జవాబు లేకపోతే పక్క అరలో వెతకాలి. కరాసుబజార్‌ను కరాసుబజార్ అని పలకడం తాతార్లు ఎనభై ఏళ్లుగా మానలేదు.